ఖాళీ వరుసల్లో ముప్పై ఒక్కరు

ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు దిద్దింది యాభై తొమ్మిదో ఏట, మా ఆయన పోయిన మూడేళ్లకు. అందుచేత ఇందులో దీర్ఘం ఉండాల్సిన చోట లేకపోయినా, ఒత్తు ఒకటి తక్కువైనా మన్నించండి. రోజుకు ఒక పేజీ మించి రాయలేను. ఈ కథకు పద్దెనిమిది రోజులు పట్టింది. అయినా ఇందులో చెప్పబోయే ఆఫీసు కంటే నేనే నయం. వాళ్లకు ఒక్క ఖాళీ వరుస చదవడానికి నలభై రోజులు పట్టింది.

మా ఊళ్లో వయోజనుల బడి పెట్టిన నాగరత్నం టీచరు గారు మొదటి రోజే మాకో నియమం పెట్టారు. ఒక వరుస రాస్తే దాని కింద ఒక వరుస వదిలెయ్యాలి. ఎందుకంటే తెలుగు అక్షరం పెట్టిన చోట బుద్ధిగా కూర్చోదు, దాని కింద ఒత్తు వేలాడుతుంది. ముసలితనంలో నేర్చిన చేతికి ఆ ఒత్తు ఎక్కడ ఆపాలో తెలియదు. నేను రాసిన మొదటి 'మ్మ' కింది వరుసలోకి దిగి అక్కడున్న పేరును తన్నేసింది. "ఒత్తులు కాళ్లు చాపుకోవడానికి చోటివ్వండర్రా" అనేవారు టీచరు గారు. ఆ బడిలో చదువుకున్న వాళ్లం ఈ రోజుకీ ఉత్తరం రాసినా, సరుకుల చీటీ రాసినా, వరుస విడిచి వరుస రాస్తాం.

ఆ బడిలో నా పక్కన కూర్చునే మనిషి లెంక పారమ్మ. రెండు నెలలు వచ్చింది, ఒక్క 'అ' మాత్రం నేర్చుకుని మానేసింది. తెలివి లేక కాదు. పలక మీద పొగ కమ్మిందనుకుని కొంగుతో తుడిచేది, తుడిచి మళ్లీ తుడిచేది. పొగ పలక మీద లేదు, కంట్లో ఉంది. ఆవిడ కుడి కన్ను అంతకు ముందే పోయింది. ఎడమ కంటికి శుక్లం పట్టింది, మా వైపు దాన్నే పువ్వంటారు. కానీ ఆ ఒక్క అక్షరాన్నీ చూడకుండా, ముగ్గు వేసినట్టు ఒక్క తిప్పులో రాసేది. మా అందరి 'అ'ల కంటే పారమ్మ 'అ' బాగుండేది.

ఈ ఏడు జిల్లా దృష్టి ప్రసాద సంస్థ వారు శుక్లాలకు ఉచితంగా ఆపరేషన్లు చేయిస్తామన్నారు. మా ఊరికి ముప్పై ఒకటి ఇచ్చారు. ముందుగా చూడ్డానికి వచ్చిన డాక్టరు గారు పారమ్మ కంట్లో లైటు వేసి, ఈ శిబిరంలోనే చేయించాలని, ఇంకో ఏడు ఆగితే శుక్లం ముదిరి లోపల ఒత్తిడి పెరుగుతుందని, అప్పుడు ఏ డాక్టరూ ఆ కన్ను తిరిగి తేలేడని చెప్పారు. పారమ్మకు ఉన్నది ఆ ఒక్క కన్ను.

మహిళా సంఘం తరఫున జాబితా రాసే పని నాకు పడింది. ముప్పై ఒక్క పేర్లు రాశాను. ఒక్కో పేరు కింద ఒక వరుస వదిలాను. పారమ్మ పేరు పదిహేడోది.

ఇక్కడ ఆ సంస్థ గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా జిల్లాను సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా ప్రకటించినప్పటి నుంచి అక్కడ వేలిముద్ర నిషేధం. సిరా పెట్టెలన్నీ పోగుచేసి ఒక గదిలో పెట్టి తాళం వేసి, కాపలాకు ఒక మనిషిని పెట్టారు. ఆ మనిషికి సంతకం రాదని మా ఊళ్లో అనుకుంటారు, నిజమో కాదో నాకు తెలియదు. రెండోది, ఎవరికి ఏ రోజు ఆపరేషనో మనుషులు తేలిస్తే పక్షపాతం వస్తుందని ఆ పని కంప్యూటరుకు అప్పగించారు. పేరులో మొదటి అక్షరాన్ని బట్టి రోజు. అచ్చుల వాళ్లకు సోమవారం, క నుంచి ఙ దాకా మంగళవారం, అలా వెళ్లి వెళ్లి ప నుంచి చివరి దాకా శనివారం. ఈ లెక్క కట్టేది పైథాన్ అనే భాషలో రాసిన ప్రోగ్రాము. పైథాన్ అంటే కొండచిలువట. జాబితాను తల దగ్గర పట్టుకుని ఒక్కో వరుసా మింగుతూ పోతుందట.

నా జాబితాను అక్కడి టైపిస్టు కంప్యూటరులో ఎక్కించింది. అంతకు ముందు ఏడు ఎవరో టైపిస్టు అర్జీదారు పేరు సరిదిద్ది కొట్టినందుకు పెద్ద రభస అయిందట. అప్పటి నుంచి కాగితం మీద ఉన్నది ఉన్నట్టు కొట్టాలని ఉత్తర్వు. ఆవిడ ఉన్నది ఉన్నట్టు కొట్టింది, లేనిది కూడా లేనట్టే కొట్టింది. మొత్తం అరవై రెండు వరుసలు.

కొండచిలువ మొదటి పేరు మింగింది. రెండో వరుస దగ్గర నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. రెండో వరుసలో అడిగిన అక్షరం లేదని తెర మీద ఎర్రగా రాసి ఆగిపోయింది.

వారం తరవాత పరిశీలనాధికారి జగ్గారావు గారు మూడు రకాల ఫారాలు పట్టుకుని జీపులో మా ఊరొచ్చారు. పారమ్మ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాం.

"రెండో వరుసలో ఉన్న వ్యక్తి ఎవరమ్మా?" అన్నారు.

"ఎవరూ లేరు బాబూ. అది ఖాళీ."

"అంటే ప్రస్తుతం ఊళ్లో లేరా?"

"ఊళ్లో లేకపోవడవేటి బాబూ, అసలు పుట్టనే లేదు."

ఆయన ఫారంలో 'జనన నమోదు జరగలేదు' అని రాసుకున్నారు. తండ్రి పేరు అడిగారు. ఒత్తుల సంగతి, టీచరు గారి నియమం, కాళ్లు చాపుకునే చోటు, అన్నీ విడమరిచి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, వరుస ఉన్నప్పుడు వ్యక్తి ఉన్నట్టే భావించవలసి ఉంటుందని, లేరని చెప్పాలంటే ఆ వ్యక్తి స్వయంగా వచ్చి రాసివ్వాలని అన్నారు. ఇలాంటివి నాలుగో వరుసలో, ఆరో వరుసలో, మొత్తం ముప్పై ఒకటి ఉన్నాయని విని ఒక గుక్క మజ్జిగ ఎక్కువ తాగారు.

పారమ్మ లోపల్నించి వింటోంది. "బాబూ, ఆ కాళీలకి కూడా కంట్లో పువ్వులున్నాయేటి? ఉంటే ముందు ఆళ్లకే కోసీయండి. ఆళ్లయ్యాకే నాను కూకుంటాను" అంది.

జగ్గారావు గారు అది కూడా రాసుకున్నారు. 'ముందు వరుసల వారికి ప్రాధాన్యమిచ్చుటకు ముప్పై మూడవ వరుస లబ్ధిదారునకు అభ్యంతరము లేదు.'

ఆ మాట పారమ్మకు చదివి వినిపించాక, నోరు అదుపులో పెట్టుకోలేనందుకు తనను తానే తిట్టుకుంది. నేను మర్నాడే జిల్లా ఆఫీసుకు బస్సెక్కాను.

అక్కడ సంయుక్త సంచాలకులు కందాళ పురుషోత్తం గారి గదిలో అప్పటికే సమావేశం జరుగుతోంది. జాబితా రాసిన మనిషిని కాబట్టి నన్నూ సాక్షిగా కూర్చోమన్నారు. ప్రోగ్రాము రాసిన కుసుమ గారు నలభై ఏళ్లావిడ, కాంట్రాక్టు మీద పనిచేస్తారు. ఆవిడ చాలా మెల్లగా, పిల్లలకు చెప్పినట్టు చెప్పారు. ప్రతి వరుస చివరా కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంటుందట. ప్రోగ్రాము దాన్ని దులిపేసి, మిగిలిన పేరులో మొదటి అక్షరం తీసుకుంటుందట. ఖాళీ వరుసను దులిపితే ఏమీ మిగలదు. ఏమీ లేని దాంట్లో మొదటిది ఇమ్మంటే అది బెదిరి ఆగిపోతుంది. తప్పు జాబితాది కాదు, వరుస ఖాళీగా ఉందో లేదో ముందే చూడమని చెప్పని తన ప్రోగ్రాముదేనని ఆవిడే ఒప్పుకున్నారు. ఖాళీగా ఉంటే దాటిపో అని రెండు వరుసలు చేర్చితే సరిపోతుందన్నారు.

నాకు అర్థమైంది. పురుషోత్తం గారికి కాలేదు.

"దాటిపోవడమా? లబ్ధిదారుణ్ణి?" అంటూ ఆయన తన తల మీదుగా గోడ వైపు చూపించారు. 'ఏ ఒక్కరినీ దాటిపోము' అని అక్కడ బంగారు రంగు అక్షరాలతో సంస్థ ధ్యేయవాక్యం ఉంది.

కుసుమ గారు ఇంకో దారి చెప్పబోయి, కంప్యూటరు మొదటి అక్షరాన్ని సున్నా అని పిలుస్తుందని ఎందుకో అన్నారు. ప్రథమాన్ని శూన్యం అనే అధికారం దానికి ఏ ఉత్తర్వు ప్రకారం వచ్చిందో లిఖితపూర్వకంగా తెలియజేయమన్నారు ఆయన. పోనీ ఫైలులో ఆ ఖాళీలు తుడిచేద్దామంటే, రికార్డు తుడిచిన వారు ఉద్యోగంలో ఉండరన్నారు. ప్రోగ్రాము మార్చాలంటే పదకొండు సంతకాల కమిటీ కూర్చోవాలి. అది కూర్చునేది శిబిరం అయిపోయిన తరవాతి నెలలో.

నేను లేచి, కాగితం ఇప్పిస్తే ఖాళీలు లేకుండా జాబితా మళ్లీ రాసిస్తానని, గంట చాలునని అన్నాను.

"మార్చిన అర్జీ అంటే కొత్త అర్జీ అమ్మా. కొత్త అర్జీలకు గడువు మూడో తారీఖుతో ముగిసింది" అని చెప్పి, తీరిగ్గా ఇంకో మాట చేర్చారు. "మీరు బాధపడకండి. ఆ ముప్పై ఒక్కరికీ అన్యాయం జరగనివ్వను."

జరగనివ్వలేదు. శిబిరానికి నాలుగు రోజుల ముందు ఒక ఉత్తర్వు వచ్చింది. పేరు లేని వరుసల వారందరికీ తాత్కాలిక నామధేయంగా 'అ' అన్న అక్షరం కేటాయించారు. అక్షరాల్లో అదే మొదటిది కాబట్టి ఎవరికీ అభ్యంతరం ఉండబోదని కారణం కూడా రాశారు. టైపిస్టు ఖాళీ ఉన్న చోటల్లా ఒక 'అ' కొట్టింది. కొండచిలువ అరవై రెండు వరుసలూ గుటుక్కున మింగింది. ఆఫీసులో మిఠాయి పంచుకున్నారు.

'అ' అంటే అచ్చు, అచ్చు అంటే సోమవారం. జాబితాలో ఇంటిపేరే ముందు. మా ఊరి ఇంటిపేర్లలో అచ్చుతో మొదలయ్యేది ఒక్కటీ లేదు. కాబట్టి సోమవారం ముప్పై ఒక్క మంచాలూ పుట్టని వాళ్లకు వెళ్లాయి. ముప్పై ఒకటితో మా ఊరి వాటా సరి. గొర్లె, కిల్లి, లెంక వాళ్లందరి పేర్ల ఎదురుగా 'వచ్చే సంవత్సరం పరిశీలించబడును' అని పడింది.

శనివారం ఆ కాగితాన్ని పంచాయతీ ఆఫీసు గోడకు అంటించారు. ఊరంతా వచ్చి, తమ పేరు ఎదురుగా ఏముందో చూసుకుని, తిట్టుకుంటూ వెళ్లిపోయారు. పారమ్మ మాత్రం వెళ్లలేదు. గోడకు చెయ్యి ఆనించుకుని, "నా పేరు ఎక్కడుందే? ఏలెట్టి సూపించు" అంది. చూపించాను. దాన్ని రెండుసార్లు తడిమింది. ఆ గోడ పక్కనే మెట్టు మీద కూర్చుంది.

నేను ఉత్తర్వు మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. చెప్పాను కదా, నా చదువు నిదానం. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కోవాలి, ఏదీ వదిలి ముందుకు పోలేను. గబగబా చదివే వాళ్లెవరూ ప్రభుత్వ కాగితంలో నాలుగో పేరా దాకా రారు. నేను మధ్యాహ్నానికి వచ్చాను. అక్కడ ఇలా ఉంది:

'పేరు లేని లబ్ధిదారులకు గుర్తింపు పత్రము ఉండు అవకాశము లేనందున వారిని ఆ నిబంధన నుండి మినహాయించడమైనది. సదరు దినమున హాజరై, రికార్డులోని నామధేయముతో సరిపోవు సంతకము చేసిన వారినే సదరు లబ్ధిదారులుగా పరిగణించవలెను.'

మూడుసార్లు చదివాను. తరవాత పారమ్మ చెవిలో చెప్పాను.

"అయితే రేపు బడి నానే పెడతాను" అంది.

ఆదివారం పొద్దున్నే బడి వరండాలో ముప్పై మంది పలకలు పట్టుకుని కూర్చున్నారు. పారమ్మ ఎదురుగా కుర్చీలో కూర్చుంది. రెండు నెలల్లో ఒక్క అక్షరం నేర్చి మానేసిన మనిషి, నాలుగేళ్లు చదివిన వాళ్లకు పాఠం చెప్పింది. పాఠం ఒక్కటే. 'అ' రాయాలి, ఆగిపోవాలి.

ఆగడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. గొర్లె అప్పలనరసమ్మ ఎనిమిది నెలలు కష్టపడి తన పేరు రాయడం నేర్చుకుంది. 'అ' రాయగానే చెయ్యి దానంతట అదే 'ప్ప' వైపు పరిగెత్తేది. "ఆగే!" అని మేం పట్టుకునేసరికి 'ల' కూడా అయిపోయేది. చివరికి ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాయడం అలవాటు చేసుకుంది. మాజీ సర్పంచి కిల్లి దాలినాయుడు గారిది వేరే బాధ. ఆయన సంతకం ఊళ్లో పేరుపడ్డది, కింద మూడు మెలికలు ఉంటాయి. ఇన్నేళ్లు సర్పంచిగా చేసి, చివరికి పసిపిల్లాడిలా ఒక్క అక్షరం రాయమంటారా అని కోపగించి లేచిపోబోయారు.

"నాయుడు బావుగారూ, ఆ సంతకం ఇంట్లో పెట్టీసి రండి. కన్నొచ్చినాక మళ్లీ తెచ్చుకుందురు గాని. దాన్నెవలూ ఎత్తుకుపోరు" అంది పారమ్మ.

ఆయన కూర్చున్నారు.

సోమవారం ఆసుపత్రి గుమ్మం దగ్గర బల్ల వేసుకుని జగ్గారావు గారు కూర్చున్నారు. లోపల ముప్పై ఒక్క మంచాల మీద ముప్పై ఒక్క తెల్ల దుప్పట్లు. ఒక్కో మంచానికి 'అ' అని రాసిన అట్ట కట్టి ఉంది. అంతకు ముందు మమ్మల్ని ఎన్నడూ చూడనట్టు జగ్గారావు గారు ఒక్కొక్కరినీ పేరు అడిగారు. లేదన్నారు. తండ్రి పేరు అడిగారు. అదీ లేదన్నారు. ఇన్ని రోజులూ ఎక్కడున్నారని అడిగితే, దాలినాయుడు గారు గంభీరంగా "రెండో వరుసలో" అన్నారు. జగ్గారావు గారు పెన్ను కింద పెట్టి ఆయన మొహంలోకి చూసి, మళ్లీ పెన్ను తీసుకున్నారు. ఆయనకు తెలిసిందో లేదో నేను చెప్పలేను. రికార్డుతో సరిపోతే చాలునన్నది మాత్రం ఆయనకు బాగా తెలుసు.

దాలినాయుడు గారి 'అ' కింద ఒక మెలిక పడింది. రికార్డులో మెలిక లేదని తిప్పి పంపారు. రెండో అవకాశంలో చెమటలు కక్కుతూ సరిగ్గా రాశారు. అప్పలనరసమ్మ తన మణికట్టు తనే పట్టుకుని గట్టెక్కింది. ఒక్కొక్కరే లోపలికి వెళ్లారు. చివరికి పారమ్మ మిగిలింది.

సంతకం అగ్గిపెట్టెంత గడిలో పడాలి. పారమ్మకు గడి కనబడదు. నేను చెయ్యి పట్టుకోబోతే జగ్గారావు గారు ఆపారు. సంపూర్ణ అక్షరాస్యత జిల్లాలో చెయ్యి పట్టి రాయించడం నిషేధమట. గడి దాటితే తిరస్కారమట. ఆవిడ ముప్పై ఒకటో మనిషి, గంట కొడితే తలుపు మూసేస్తారు.

పారమ్మ తొందరపడలేదు. గడి అంచుకు ఎంత దూరంలో ఉందో నన్నడిగి, కాగితం అంచు వేలితో వెతికింది. అంచు నుంచి ఇటు జానెడు, పై నుంచి అటు బెత్తెడు కొలిచింది. ముగ్గు వేసే ముందు వాకిలి కొలిచినట్టే కొలిచింది. అక్కడ ఎడమ చేతి బొటనవేలు ఆనించి, దాని పక్కన ఒక్క తిప్పులో రాసేసింది.

జగ్గారావు గారు కాగితం పైకెత్తి, రికార్డు పక్కన పెట్టి చాలాసేపు చూశారు.

"ఇది సరిపోయింది. అందరిలోకీ ఇదే బాగా సరిపోయింది" అన్నారు.

ఆ తరవాత జరిగినవి చెప్పి ముగిస్తాను. పేరు లేని లబ్ధిదారులకు నూరు శాతం ఆపరేషన్లు జరిపి, ఒక్క ఫిర్యాదు కూడా రాకుండా చూసినందుకు సంస్థకు జ్ఞాపిక వచ్చింది. పదకొండు సంతకాల కమిటీ కూర్చుని కుసుమ గారి రెండు వరుసలను ఆమోదించింది. ఇక మీదట ప్రోగ్రాము ఖాళీ వరుసలను దాటిపోతుంది. పోయినసారి ఖాళీలుగా ఉండి చూపు తెచ్చుకున్న వాళ్లు ఇది తెలిసి కొంచెం భయపడ్డారు. మా జాబితాలో పేర్లున్న ముప్పై ఒక్కరికీ మాత్రం శిబిరానికి ఎందుకు హాజరు కాలేదో సంజాయిషీ చెప్పాలని తాఖీదులు వచ్చాయి. అందరి తరఫునా జవాబు నేనే రాశాను, వరుస విడిచి వరుస. ఆ ఖాళీల మీద విచారణ ఇంకా నడుస్తోంది.

కానీ నేను మీకు చెప్పాలనుకున్నది మంగళవారం పొద్దున సంగతి. నర్సు వచ్చి పారమ్మ కంటి కట్టు విప్పింది. పారమ్మ కాసేపు రెప్పలు ఆడించి, ముందు నన్ను చూసింది. "నువ్వింత ముసల్దానివైపోనావేటే" అంది. తరవాత చుట్టూ చూసి, మంచానికి కట్టిన అట్టను చేతిలోకి తీసుకుంది. కొంగుతో ఒకసారి తుడిచింది, అలవాటు కొద్దీ. ఈసారి పొగ లేదు.

"అ" అని చదివింది. "ఒలే సన్యాసమ్మా, ఇది నానే."

"నువ్వే" అన్నాను.

అట్టను ఇటూ అటూ తిప్పి చూసింది. వెనక పక్క ఏమీ రాసి లేదు. అక్కడ వేలు పెట్టి, "దీని తరవాతది ఏటే?" అంది.

దుంపల సన్యాసమ్మ,
వయసు అరవై ఏడు,
ప్రస్తుతం లెంక పారమ్మ ఇంటి పక్క వాటాలో ఉంటున్నాను, పెదకంచివలస.